నేల కింద బూజు దారాలతో చెట్లు ఒకదానికొకటి తిండి పంపుకుంటాయా? మొక్కలు నాటేవాళ్లకు ఇందులో పనికొచ్చేది ఎంత?

రాళ్లచేను (ప్రశ్న)

రాయచోటి వైపు రెండెకరాల ఎర్ర గరప నేల. చదును చేసేటప్పుడు జేసీబీ పైమట్టినంతా గట్టుకు నెట్టేసింది. వచ్చే తొలకరికి శ్రీగంధం, దాని మధ్యలో ఎర్రచందనం, గట్ల మీద కానుగ, వేప వేయాలని ప్లాను.

వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతోంది. అడవిలో ముసలి చెట్టు తల్లిలాంటిదట. బూజు దారాల గుండా పిల్ల చెట్లకు చక్కెర పంపుతుందట, పురుగు పడితే పక్క చెట్లకు కబురు పెడుతుందట, చచ్చే ముందు ఉన్నదంతా పంచిపెట్టి పోతుందట. వీడియో చివర మైకోరైజా పొడి అమ్మేవాళ్ల నంబరు.

నాకు తెలియాల్సినవి: ఇందులో రుజువైంది ఎంత? అది మన టేకు, మద్ది, ఎర్రచందనం అడవులకు వర్తిస్తుందా? శ్రీగంధానికి పక్కన హోస్ట్ మొక్క పెట్టమంటారు కదా, అదీ ఈ లెక్కలోకే వస్తుందా? ఆ పొడి కొనడం దండగా, కాదా?

---

తెల్లపోగు

వీడియోలో నిజం ఉంది, ఆ నిజం మీద లేపిన మేడా ఉంది. ముందు పునాది సంగతి చూద్దాం.

చెట్టు సన్న వేరు, ఒక శిలీంధ్రం కలిసి చేసే కాపురం పేరు మైకోరైజా. 1885లో జర్మనీలో ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ పెట్టిన పేరు ఇది. ఆయనకు ప్రభుత్వం అప్పజెప్పిన పని వేరే: ట్రఫుల్ అనే ఖరీదైన నేలలోపలి పుట్టగొడుగును సాగు చేయొచ్చేమో చూడమన్నారు. దాని కోసం తవ్వితే ఇది బయటపడింది.

బేరం ఇలా ఉంటుంది. భాస్వరం నేలలో సులువుగా కదలదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది పీల్చేశాక అక్కడ ఖాళీయే. శిలీంధ్రపు పోగులు ఆ ఖాళీని దాటి సెంటీమీటర్ల దూరం పోతాయి. మందం కొన్ని మైక్రాన్లే కాబట్టి వేరు పట్టని సందుల్లోకీ దూరతాయి. భాస్వరం, జింకు, కొంత నత్రజని తెచ్చి వేరుకు అప్పజెపుతాయి. బదులుగా చెట్టు తాను వండుకున్న దాంట్లో నూటికి 4 నుంచి 20 పాళ్ల దాకా ఇస్తుంది. నేలలో భాస్వరం దండిగా ఉంటే చెట్టు ఈ ఖర్చు తగ్గించుకుంటుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, ఎరువుల దగ్గర మళ్లీ వస్తుంది.

ఇక ఇందులో రెండు పెద్ద రకాలున్నాయి. వీడియోలు ఎగ్గొట్టేది సరిగ్గా ఇక్కడే.

మొదటిది ఎక్టోమైకోరైజా. వేరు కొనకు బయట తొడుగు తొడిగినట్టు ఉంటుంది, కంటికే కనిపిస్తుంది. పైన్, ఓక్, బర్చ్, యూకలిప్టస్, మన వైపు సాల చెట్టు ఈ జాతి. వీటి శిలీంధ్రాలు పుట్టగొడుగులు కూడా కాస్తాయి. తొలకరిలో బస్తర్ సంతల్లో అమ్మే బోడ, జార్ఖండ్‌లో రుగ్డా అనేవి సాల వేర్లతో బతికే శిలీంధ్రపు కాయలే. అందుకే వాటిని పెరట్లో పెంచడం కుదరదు, సాల చెట్టు ఉండాలి.

రెండోది ఆర్బస్క్యులర్ రకం, నర్సరీల్లో 'వ్యామ్' అంటారు. ఇది వేరు కణం గోడ దాటి లోపలికి పోయి, చిన్న పొదలా కొమ్మలేస్తుంది. బయట తొడుగూ ఉండదు, పుట్టగొడుగూ రాదు. టేకు, ఎర్రచందనం, మద్ది, వేప, మామిడి, చింత, కానుగ, ఇంకా జొన్న, కంది, మిరప అన్నీ ఈ జాతే. నల్లమల, శేషాచలం లాంటి ఆకురాల్చే అడవుల్లో చెట్లు దాదాపుగా ఈ రెండో రకమే.

(పనిలో పని: వానకు పుట్ట మీద మొలిచే మన పుట్టగొడుగులకు చెట్ల వేర్లతో సంబంధం లేదు. అవి చెదలు తమ తిండి కోసం పెంచుకునే శిలీంధ్రం. "మా చేలో పుట్టగొడుగులున్నాయి కాబట్టి మైకోరైజా ఉన్నట్టే" అనేవాళ్లు చాలామంది.)

వీడియోకు మూలం కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో సుజాన్ సిమార్డ్ బృందం చేసి, 1997లో నేచర్ పత్రికలో అచ్చేసిన ప్రయోగం. పేపర్ బర్చ్, డగ్లస్ ఫర్, రెడ్ సీడర్ మొక్కలను పక్కపక్కన పెంచారు. ఒకదానికి కార్బన్ 13, ఇంకోదానికి కార్బన్ 14 (మామూలు కార్బన్ కంటే బరువైన, విడిగా కొలవగలిగే రకాలు) గుర్తు ఉన్న కార్బన్ డయాక్సైడును సంచి కట్టి పీల్పించారు. రెండు గుర్తులు ఎందుకంటే, ఇచ్చింది ఎంత, పుచ్చుకుంది ఎంత అని నికర లెక్క తేలాలి. బర్చ్ నుంచి ఫర్‌కు నికరంగా చేరింది, ఫర్ సొంతంగా పీల్చుకున్న దాంట్లో సగటున 6 శాతం. ఫర్ మీద నీడ ఎక్కువైతే చేరేదీ ఎక్కువైంది. బర్చ్, ఫర్ రెండూ ఎక్టో రకం. సీడర్ మాత్రం ఆర్బస్క్యులర్ రకం కాబట్టి వాటి వలలో ఉండదు, తూకానికి పెట్టారు.

తర్వాత 2010లో అదే రాష్ట్రంలో 30 మీటర్ల చదరపు అడవి ముక్కలో ఏ శిలీంధ్రం ఏ చెట్టు వేర్ల మీద ఉందో డీఎన్‌ఏతో పటం గీశారు. ఒక పెద్ద డగ్లస్ ఫర్‌కు 47 ఇతర చెట్లతో లంకె తేలింది. 'తల్లిచెట్టు' బొమ్మలన్నీ ఈ పటం నుంచే పుట్టుకొచ్చాయి.

---

అనుమానం_పెద్దది

తెల్లపోగు గారు చెప్పింది సరే. ఆ 6 శాతం దగ్గర ఆగి చూడాలి.

వలలో లేని సీడర్‌కు కూడా కొంత గుర్తు కార్బన్ చేరింది. తక్కువే, కానీ చేరింది. అంటే పోగులతో పని లేకుండా, వేర్ల నుంచి కారినది, వేర్లు వదిలిన గాలి మట్టిలో కలిసి మళ్లీ పక్క వేరుకు అందడం కూడా ఒక దారి. ఫర్‌కు చేరిన దాంట్లో ఎంత ఏ దారిన వచ్చిందో విడదీయడం అంత తేలిక కాదు.

2016లో స్విట్జర్లాండులో ఇంకా పెద్ద పని జరిగింది. 40 మీటర్ల స్ప్రూస్ చెట్లకు క్రేన్ సాయంతో గుర్తు గాలి పట్టించారు. పక్కనున్న బీచ్, పైన్, లార్చ్ చెట్ల సన్న వేర్లలో ఆ గుర్తు దొరికింది. సన్న వేర్లలోని కార్బన్‌లో 40 శాతం దాకా ఇలా ఇచ్చిపుచ్చుకున్నదేనని, హెక్టారుకు ఏడాదికి 280 కిలోల దాకా ఉంటుందని లెక్క కట్టారు. సరే, ఎక్కడ దొరికింది? సన్న వేర్లలో. ఎక్టో రకంలో సన్న వేరంటే దాని మీద శిలీంధ్రపు తొడుగు కూడా ఉన్నట్టే. కార్బన్ శిలీంధ్రం దగ్గరే ఆగిందా, పక్క చెట్టు దాన్ని కాండానికి ఎక్కించి వాడుకుందా అన్నది వేరే ప్రశ్న. అది వాడుకోకపోతే 'తిండి పంపింది' అనలేం. శిలీంధ్రం రెండు ఇళ్లలో భోంచేసింది, అంతే.

2023లో జస్టిన్ కార్స్ట్, మెలనీ జోన్స్, జేసన్ హోక్సెమా పాత పత్రాలన్నీ తిరగేసి రాసిన విశ్లేషణ చూడండి. వాళ్లు తేల్చినవి: అడవుల్లో ఇలాంటి వల అంతటా ఉందనడానికి ఆధారం చాలదు, పటం గీసింది రెండు చెట్టు జాతులకే. వల వల్ల పిల్ల మొక్క బాగా పెరుగుతుందా అంటే, మేలు చూపిన ప్రయోగమూ ఉంది, కీడు చూపినదీ ఉంది, ఏ తేడా లేదన్నదీ ఉంది. పెద్ద చెట్టు తన సొంత పిల్లలను గుర్తుపట్టి వాటికే ఎక్కువ పంపుతుందన్నదానికి అడవిలో చేసి అచ్చేసిన రుజువు ఒక్కటీ లేదు. ఇందులో మెలనీ జోన్స్ ఎవరో కాదు, 1997 పత్రం రాసినవాళ్లలో ఒకరు. తమ పనినే తిరిగి తూకం వేసిన మనిషి మాట కాబట్టి దీనికి బరువెక్కువ.

ఇలాంటి ప్రయోగం ఎక్కడ చెడుతుందో చెబుతాను, పత్రాలు చదివేటప్పుడు పనికొస్తుంది. మామూలు పద్ధతి మెష్ సంచి. 20 నుంచి 40 మైక్రాన్ల నైలాన్ జాలీ అయితే పోగులు దూరతాయి, వేర్లు దూరవు. అర మైక్రాన్ జాలీ అయితే పోగులు కూడా దూరవు, నీళ్లూ అందులో కరిగినవీ మాత్రం దాటతాయి. ఈ రెండు రకాల సంచుల్లో మొక్కలు పెంచి, తేడా చూసి, అది పోగుల వల్లే అంటారు. చిక్కేమిటంటే, అర మైక్రాన్ సంచిలో పిల్ల మొక్కకు పక్క చెట్టుతో లంకే కాదు, బయటి మట్టిలోకి పోగులు పంపి భాస్వరం తెచ్చుకునే వీలూ పోయింది. మొక్క చిన్నదైతే దేని వల్ల? ఇంకో పద్ధతి, పక్కలకు జాలీ కిటికీలున్న గొట్టంలో మొక్క పెట్టి వారం వారం గొట్టాన్ని కొంచెం తిప్పి పోగులు తెంపడం. తిప్పినప్పుడల్లా గొట్టానికీ మట్టికీ మధ్య గాలి సందు పడుతుంది, నీళ్లు కూడా ఆ పక్క అందవు. మళ్లీ అదే గందరగోళం.

2010 పటం కూడా చూపించింది ఒకే శిలీంధ్రం రెండు చెట్ల వేర్ల మీద ఉందని. ఆ రెంటి మధ్య పోగు ఆ రోజు తెగకుండా ఉందని కాదు. పోగుల్ని మట్టిలో పురుగులు రోజూ కొరుకుతుంటాయి.

ఎటు తిరిగీ అనుమానం లేని కేసు ఒకటుంది, దాన్ని వీడియోల్లో చూపించరు. హిమాలయాల్లో కూడా దొరికే మోనోట్రోపా అనే తెల్లటి మొక్కకు పత్రహరితం లేదు, అంటే వంట చేసుకోలేదు. 1960లో స్వీడన్‌లో ఎరిక్ బ్యోర్క్‌మన్ స్ప్రూస్ చెట్టులోకి గుర్తు చక్కెర ఎక్కిస్తే అది ఆ చెట్టు పక్కన మొలిచిన ఇలాంటి మొక్కలో తేలింది. చెట్టు నుంచి శిలీంధ్రానికి, దాన్నుంచి ఈ మొక్కకు. నేల కింద కార్బన్ పారిందనడానికి ఇంతకంటే గట్టి రుజువు లేదు, కానీ ఇది సాయం కాదు, శుద్ధ దొంగతనం.

---

గంధపు_బెరడు

దొంగతనం మాట వచ్చింది కాబట్టి శ్రీగంధం.

హోస్ట్ మొక్క వ్యవహారానికి బూజుతో సంబంధమే లేదు. శ్రీగంధం వేరు నేరుగా పక్క మొక్క వేరును పట్టుకుని గుచ్చుతుంది. చూడాలంటే వాన పడిన మర్నాడు, మొదలుకు ఒక జానెడు దూరంలో మట్టిని చేత్తోనే నెమ్మదిగా తీసి, వేర్లను తెంచకుండా నీళ్లలో ముంచి కడగండి. గంధపు సన్న వేరు, కంది వేరు కలిసిన చోట తెల్లగా, కొన్ని మిల్లీమీటర్ల గంట ఆకారపు బుడిపె కనిపిస్తుంది. గుండీ కుట్టినట్టు అతుక్కుని ఉంటుంది. హాస్టోరియం అంటారు. బ్లేడుతో అడ్డంగా కోస్తే మధ్య నుంచి ఒక మేకులాంటిది హోస్ట్ వేరు చెక్కలోకి దిగి ఉంటుంది. దాని గుండా నీళ్లు, ఖనిజాలు, నత్రజని సరుకు లాగుతుంది. ఆకు పచ్చగానే ఉంటుంది కాబట్టి చక్కెర చాలావరకు సొంతంగా వండుకుంటుంది. కంది బుడిపెలతో ఇది పొరబడేది ఎక్కువ. కంది సొంత నత్రజని బుడిపె గుండ్రంగా ఉండి కంది వేరు మీదే ఉంటుంది, కోస్తే లోపల గులాబీ రంగు. గంధపు బుడిపె రెండు వేర్ల మధ్య ఉంటుంది.

మీ ప్లానులో రెండు తప్పులున్నాయి, రాళ్లచేను గారూ.

హోస్టులు గట్ల మీద పెడితే మధ్యలోని గంధానికి మొదటి మూడు నాలుగేళ్లు అందవు. వేరు తాకితేనే పట్టు. మామూలుగా జరిగే చావు ఇలాగే ఉంటుంది: నర్సరీ సంచిలో పక్కన కందో పొన్నగంటో ఉంటుంది, మొదటి ఏడు మొక్క కళకళలాడుతుంది. కంది బతికేది ఏడాది, రెండేళ్లు. అది ఎండిపోయాక గంధం ఆకులు పాలిపోయి, చిన్నవై, కొన నుంచి ఎండడం మొదలవుతుంది. రైతు తెగులనుకుని మందు కొడతాడు, యూరియా వేస్తాడు. అసలు కారణం, పట్టుకోవడానికి రెండో హోస్ట్ వేరు దగ్గరలో లేకపోవడం.

రెండోది, ఎర్రచందనాన్ని గంధం మధ్యలో పెట్టడం. గంధం దాన్నీ పట్టుకుంటుంది. రెండూ మీరు అమ్ముకోవాల్సిన చెట్లే, ఒకటి తాగింది రెండోదానికి తగ్గుతుంది. ఎర్రచందనం అసలే నిదానం. విడి మడిగా వేసుకోండి.

నా లెక్కయితే గంధానికి గంధానికి 10 నుంచి 12 అడుగులు, వాటి సరిగ్గా మధ్యలో 5, 6 అడుగుల దగ్గర శాశ్వత హోస్ట్. కోస్తా ఇసుక నేలల్లో సరుగుడు బాగా పనిచేస్తుంది. మీ గరపకు నీళ్లు పుష్కలంగా లేకపోతే కానుగే నయం, మొండిది, నత్రజని కూడా కడుతుంది. హోస్టును గంధం కంటే ఆరు నెలలో ఏడాదో ముందు నాటితే వేరు సిద్ధంగా ఉంటుంది. గుంతలో గంధపు మొదలుకు ఒక అడుగు లోపు కంది నాలుగైదు గింజలు వేసి రెండు ఉంచండి. గంధం మీద నీడ కమ్మకుండా కంది తల తుంచుతూ ఉండాలి, పీకొద్దు. డ్రిప్పు ఉంటే హోస్టుకూ ఒక చుక్క గొట్టం పెట్టండి. గంధానికి మాత్రమే పెట్టి హోస్టును ఎండబెడితే రెండూ పోతాయి. పైగా హోస్ట్ చాలని చోట పక్కపక్క గంధాలు ఒకదాని వేరును ఒకటి పట్టుకుంటాయి, దాని వల్ల తోటకు వచ్చేదేమీ లేదు.

---

రాళ్లచేను

గంధపు_బెరడు గారూ, తెగుళ్ల మందు కొట్టబోయేవాళ్లలో నేనూ ఉండేవాణ్ని, ధన్యవాదాలు. కానుగ లోపలికి మారుస్తాను.

ఇక పైమట్టి పోయిన నేల సంగతి. అందులో వ్యామ్ బతికి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? పొడి కొనాలా, అడవి మట్టి తెచ్చి కలపాలా?

---

సిరాబుడ్డి

ఊహించడం దేనికి, వేరుకు సిరా పట్టించి చూడండి. దగ్గర్లో డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్రం ల్యాబ్ ఉంటే ఒక పూట పని.

మీ చేలో పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి కలిపి, కుండీల్లో జొన్న వేయండి. ఎరువు వద్దు. గట్టుకు నెట్టిన మట్టితో ఇంకో వరస కుండీలు. 40, 45 రోజులకు పీకి, కాఫీ రంగు లావు వేర్లు వదిలేసి దారంలాంటి తెల్ల వేర్లు ఏరి సెంటీమీటరు ముక్కలు చేయండి.

పొటాషియం హైడ్రాక్సైడ్ 10 గ్రాములు నీళ్లలో కరిగించి 100 మిల్లీలీటర్లు చేయాలి. బిళ్లలు నీళ్లలో వేయాలి, బిళ్లల మీద నీళ్లు పోయకూడదు, పొంగి చిమ్ముతుంది. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు. అల్యూమినియం గిన్నె వాడితే గిన్నె కరిగిపోతుంది, గాజుదే వాడాలి. మరిగే నీళ్ల గిన్నెలో ఆ గాజు పాత్ర పెట్టి వేర్లను వేడి చేయండి. జొన్న వేరుకు 15, 20 నిమిషాలు చాలు, చెట్ల వేరుకు గంట పైనే పడుతుంది. ముక్క అద్దంలా తేటగా అవ్వాలి. మెత్తగా నలిగిపోతే ఎక్కువసేపు ఉంచినట్టు.

నీళ్లతో నాలుగైదు సార్లు కడిగి, తెల్ల వెనిగర్ 95 మిల్లీలీటర్లలో ఫౌంటెన్ పెన్ సిరా 5 మిల్లీలీటర్లు కలిపి, అందులో వేర్లను 3 నిమిషాలు మరిగించండి. 1998లో హోర్స్ట్ వియర్‌హైలిగ్ బృందం ఇచ్చిన పద్ధతి ఇది, షేఫర్ నల్ల సిరా బాగా పట్టిందని రాశారు. తర్వాత రెండు చుక్కల వెనిగర్ వేసిన నీళ్లలో 20 నిమిషాలు నానబెడితే వేరు రంగు దిగిపోయి శిలీంధ్రం రంగు మిగులుతుంది. వెనిగర్ వేయకుండా కడిగితే మొత్తం దిగిపోతుంది, చాలామందికి ప్రయోగం పోయేది ఇక్కడే.

మైక్రోస్కోపులో 100 రెట్లకు పెడితే కణాల వరసల మధ్య అడ్డగోడలు లేని పోగులు, బెలూన్లలాంటి కోడిగుడ్డు ఆకారాలు కనబడతాయి. 400 రెట్లకు పెడితే కణం లోపల కాలీఫ్లవర్ ముక్కలాంటి పొద. ఆ పొద కనిపిస్తేనే ఖాయంగా ఆర్బస్క్యులర్. గోధుమ రంగులో, అడ్డగోడలతో ఉన్న పోగులు వేరే శిలీంధ్రాలవి, లెక్కలోకి తీసుకోవద్దు. అద్దంలో అడ్డగీత వేరును దాటిన 100 చోట్లు చూసి ఎన్నింటిలో ఉందో రాసుకోండి. గట్టు మట్టిలో 60, చదును మట్టిలో 5 వస్తే చేయాల్సింది తేలిపోయింది: గట్టు మట్టిని వెనక్కి తెచ్చి గుంతల్లో వేయండి. అదే మీ మైకోరైజా పొడి, అదీ ఉచితంగా.

గట్టు మట్టిలో కూడా లేకపోతే, ఆరోగ్యంగా ఉన్న పాత వేపో కానుగో కింద ఆకుతుక్కు పక్కకు నెట్టి, 5 నుంచి 20 సెంటీమీటర్ల లోతులో సన్న వేర్లతో సహా మట్టి తీయండి. నర్సరీ మిశ్రమం పది పాళ్లకు ఇది ఒక పాలు. ఎండలో పోసి ఉంచొద్దు. వాడిపోతున్న చెట్టు కిందది, వేరుకుళ్లు వచ్చిన తోటలోది ముట్టుకోవద్దు. శేషాచలం నుంచి బస్తా తెద్దామనే ఆలోచన అసలొద్దు, అటవీ చట్టం లెక్కలో పైమట్టి కూడా అటవీ ఉత్పత్తే.

ఎక్కువ కావాలంటే పెంచుకోవచ్చు. మట్టి, ఇసుక సగం సగం కలిపి తడిపి, ఏప్రిల్, మే ఎండల్లో తేట పాలిథిన్ కప్పి అంచులు మట్టితో మూసి నాలుగైదు వారాలు ఉంచండి. తర్వాత మడిలో 5 సెంటీమీటర్ల లోతున తెచ్చిన మట్టి పల్చగా పరిచి పైన జొన్నో మొక్కజొన్నో ఒత్తుగా వేయండి. భాస్వరం వేయకూడదు. 80 రోజులకు నీళ్లు ఆపేసి, పది రోజులు ఎండనిచ్చి పైరు కోసేయండి. పైరు ఎండేటప్పుడే శిలీంధ్రం బీజాలు ఎక్కువ కడుతుంది. వేర్లు తరిగి ఆ మట్టిలోనే కలిపితే అదే మందు. సంచికి 10 గ్రాములు, విత్తనానికి రెండు మూడు సెంటీమీటర్ల కింద. పైన చల్లితే వేరు దాన్ని తాకదు, వృథా.

కొన్న పొడిని నమ్మే ముందు చిన్న పరీక్ష చేయండి. సగం పొడిని గుడ్డలో కట్టి ప్రెషర్ కుక్కర్లో గంట, ఒక రోజు ఆగి మళ్లీ గంట ఆవిరి పట్టండి. పది కుండీలకు పచ్చి పొడి, పది కుండీలకు ఉడికించిన పొడి, జొన్న వేసి 45 రోజులకు సిరా పరీక్ష. పొడిలో కలిపిన ఎరువు వల్ల పెరిగిందా, శిలీంధ్రం వల్లా అన్నది అప్పుడు తెలుస్తుంది. పొడి వేయని కుండీతో పోలిస్తే ఈ సంగతి తేలదు. ఎండలో పెట్టి అమ్మే గోతాల్లో బీజం బతికి ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు.

ఇంకొకటి: నర్సరీల్లో ఒక చేత్తో వ్యామ్ వేసి రెండో చేత్తో శిలీంధ్రాలను చంపే కార్బెండజిమ్ మందు నీళ్లు పోస్తారు. మొక్కల వేరును కుళ్లించే శిలీంధ్రం ఏదో, పెంచేది ఏదో ఆ మందుకు తెలియదు. గుంతలో గుప్పెడు డీఏపీ వేసే అలవాటు కూడా అంతే. తెల్లపోగు గారు పైన చెప్పినట్టు భాస్వరం ఎదురుగా ఉంటే వేరు ఆ శిలీంధ్రాన్ని పెద్దగా రానివ్వదు.

---

తెల్లపోగు

అనుమానం_పెద్దది గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను. వలకు రుజువులు బలంగా ఉన్నది అడవిలో కాదు, కుండీల్లో. చైనాలో టమాటా మీద 2014లో చేసినది చూడండి. ఒక మొక్క మీద మన పత్తి, మిరప రైతులు బాగా ఎరిగిన పొగాకు లద్దెపురుగును వదిలితే, పోగులతో కలిసిన పక్క మొక్కలో పురుగు రాకముందే రక్షణ ఎంజైములు పెరిగాయి. 2013లో బ్రిటన్‌లో చిక్కుడు జాతి మొక్కల మీద పేనుబంకతోనూ ఇలాగే వచ్చింది. అందులో 40 మైక్రాన్ల జాలీ వాడారు, గాలి దారి మూయడానికి మొక్కలకు సంచులు కట్టారు. పురుగు పడిన మొక్క కావాలని కబురు పెట్టిందా, కారిన సంకేతాన్ని పక్క మొక్క పసిగట్టిందా అన్నది మాత్రం తేలదు.

కంది, రాగి కలిపి ఇండో–స్విస్ బృందం కుండీల్లో చేసిన పని కూడా మన రైతులకు దగ్గరిది. కంది వేరు రాత్రిపూట లోతు నుంచి లాగిన నీటిలో కొంత పైమట్టిలోకి వదులుతుంది. శిలీంధ్రం ఉన్నచోట కరువులో రాగి మెరుగ్గా నిలిచింది. అంతరపంటగా కంది ఎందుకని అడిగేవాళ్లకు ఇది ఒక సమాధానం.

---

అనుమానం_పెద్దది

గాలి కబుర్ల గురించి ఎవరూ అనలేదు కాబట్టి రెండు ముక్కలు. ఆకు నలిగినప్పుడు వచ్చే పచ్చి వాసన కూడా సంకేతమే, పక్క మొక్క దాన్ని పట్టుకుంటుంది. 1983లో మొదట చెప్పినప్పుడు ప్రయోగం సరిగా లేదని కొట్టిపారేశారు, తర్వాత అమెరికా సేజ్‌బ్రష్ పొదల మీద రిచర్డ్ కర్బాన్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఆరుబయటే చూపించాడు. అయితే దూరం 60 సెంటీమీటర్ల దాకానే. రెండెకరాల తోటకు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కబురు పోదు.

ఇక వేరుకు వేరు అతుక్కోవడం. న్యూజిలాండులో ఆకు ఒక్కటీ లేని కౌరి మొద్దు పక్క చెట్ల వేర్లతో కలిసి బతుకుతోందని 2019లో కొలిచి చూపించారు. నీళ్లు దానిలో రాత్రిపూట కదిలాయి, పక్క చెట్టులో పగలు. వినడానికి బాగుంటుంది. అదే అతుకు గుండా అమెరికాలో ఎల్మ్ చెట్ల తెగులు వీధి వీధంతా పాకింది, ఒక చెట్టు కొట్టేసినా పక్కదానికి అప్పటికే చేరిపోయేది. కొబ్బరిలో గానోడెర్మా తెగులు కూడా వేరు నుంచి వేరుకే పాకుతుంది, అందుకే జబ్బు చెట్టు చుట్టూ రెండడుగుల లోతు, అడుగు వెడల్పు కందకం తీయమంటారు.

---

రాళ్లచేను

గట్టు మట్టి కుండీలు ఈ వారమే పెడతాను. ఒక్కటే చివరి ప్రశ్న: సిరా పరీక్షకు జొన్నకు బదులు గంధపు మొక్క వేరే వాడొచ్చా?

---

సిరాబుడ్డి

వద్దు. గంధపు వేరు గోధుమ రంగెక్కువ, సిరా తేలదు. పైగా పక్కనే హోస్ట్ వేరు ఉంటుంది, రెండింటినీ ఏరడంలో పొరబడితే చూస్తున్నది కంది వేరే అవుతుంది. జొన్నే వేయండి, కుండీకి మూడు మొక్కలు.